తెరపై దేవుని చూపు

సాంఘిక చిత్రములలో నటుడు కెమెరా వంక చూడరాదన్నది దర్శకులు పాటించు తొలి నియమములలో నొకటి; చూచెనా, ఆ షాటు మరల తీయవలసినదే. పౌరాణికములలో ఈ నియమము సడలిపోవును. భక్తుని మొఱ విని ప్రత్యక్షమైన దేవుడు అభయహస్తముతో నిలిచి, హాలులో కూర్చున్న మనలను గూడ సూటిగా చూచును. 1960లో పి. పుల్లయ్యగారి ‘శ్రీ వెంకటేశ్వర మహత్యం’ ఆడిన నాళ్ళలో, ఎన్.టి. రామారావుగారు స్వామియై కనబడినంతనే తెరకు హారతు లిచ్చిన వారు తెలుగునాట నెందఱో కలరు. ఆదోని జిన్నింగు మిల్లులలో పగలెల్ల దూది దుమ్ము పీల్చినవారు, ఎమ్మిగనూరులో మగ్గపు గుంటలో కాళ్ళు దించుకొని పొద్దుగూకువఱకు పడుగుపేకలపై చూపు నిలిపినవారు, నేల టిక్కెట్టు కొని కూర్చున్నను, కుర్చీలవారితో సమానముగా ఆ చూపునకు పాత్రులైరి.

అయితే ఆ చూపెవరిది? చిత్రీకరణ సమయమున నటుని యెదుట భక్తజనము లేదు. కెమెరా సహాయకు డొకడు టేపు పట్టుకొని వచ్చి, నటుని కంటికిని కెమెరాలో ఫిల్ముండు తలమునకును నడుమ నున్న దూరమును కొలుచుకొని తప్పుకొనును. ఆ పిమ్మట, దీపముల వేడికి ఱెప్ప వాల్చక నటుడు చూచునది కటకపు నల్లని గాజుబిళ్ళను మాత్రమే. మనలో నెవ్వరిని ఆయన చూడలేదు. ఇట్టి చూపునకు జనులు చేతులు జోడించుట భ్రాంతి యని త్రోసివేయుట సులభము. నాకా మాట ఒప్పదు.

ఏలన, మన దేవాలయములలోనే కన్నుల సంగతి చిత్రముగా నున్నది. తిరుమలలో స్వామి నేత్రములను వెడల్పైన నామము చాలవఱకు కప్పియుంచును; గురువారమునాడు దానిని సన్నగా దిద్దినపుడు గాని అవి చక్కగా గోచరింపవు. ఎమ్మిగనూరునకు దాపుననే, తుంగభద్ర యొడ్డున, నాటి ఆదోని పాలకుడు సిద్ది మసూద్‌ఖాను ఇచ్చెనని సంప్రదాయము చెప్పు మంచాల గ్రామము, నేటి మంత్రాలయము, కలదు. అచట 1671లో రాఘవేంద్రస్వామి ప్రవేశించిన బృందావనమునకు ముఖమే లేదు. ఐనను సుగ్గికి వలసపోవుటకు ముందు పిల్లాజెల్లలతో వచ్చి ప్రదక్షిణములు చేయు పడమటి పల్లెల కూలివారికి, స్వామి తమను చూచుచున్నాడన్న నమ్మిక ఆవగింజంతయు సడలదు.

చీకటి హాలులోని ప్రేక్షకుడు సాక్షి వంటివాడు. తా నన్నిటిని చూచును, తన్నెవరును చూడరు. కన్ను రూపమునకు, మనస్సు కంటికి, సాక్షి మనస్సునకు ద్రష్టలనియు, ఆ సాక్షి ఎన్నడును దృశ్యము కాదనియు అద్వైతులు చెప్పుదురు. తెరపైనున్న దేవుడు మన కన్నులలోనికి చూచిన క్షణమున ఆ ధీమా చెదరి, ద్రష్ట దృశ్యమగును. ఒడలు గగుర్పొడుచుటకు హేతువు, నటుని సౌందర్యముకన్న నధికముగా, ఇదియే. జీవుడు నిత్యపరతంత్రుడనియు, ఈశ్వరుని యెఱుకకు చాటైన చోటు వానికి లేదనియు బోధించు మధ్వమతము ఈ అనుభవమునకు మిక్కిలి సన్నిహితమని నాకు తోచును. నటుని చూపు మనవఱకు రాకపోవచ్చును; చూడబడుచున్నామను స్ఫురణ మనలో పుట్టినది, అది నిజమైనది.

1987లో దూరదర్శన్ ఆదివారపు టుదయములందు రామాయణమును ప్రసారము చేసినపుడు దేశమున ననేకులు తలస్నానము చేసి, టీవీకి పూలు పెట్టి, అగరువత్తులు వెలిగించి కూర్చుండిరి. గాజుపెట్టెలో దేవుడుండునా యని చదువుకొన్నవారు కొందఱు ఎగతాళి చేసిరి. ఊరక చూచుటకే యైనచో స్నానమేల? రాముడు తమవైపు తిరిగిన వేళ తాము శుచిగా నుండవలెనని ఆ పెద్దలు తలచిరి. అంత తెలివిడి గలవారికి బొమ్మకును దేవునికిని గల భేదమును మనము నేర్పబూనుట తగదు.