కనిపించని దేవుడు – ఇంగితజ్ఞానం

వినాయక చవితికి పత్రి సర్దుతుంటే మన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "దేవుడు కనిపించడుగా, మరి ఉన్నాడని ఎలా నమ్మాలి?" మనలో చాలామంది జవాబూ ఒకటే: "రేడియో తరంగాలు కనిపిస్తున్నాయా? అయినా ఉన్నాయిగా!"

ఈ జవాబు మన ఊళ్ళో చెప్పేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. ఆ తరంగాలను ప్రయోగంతో చూపించింది ఇక్కడే. 1885 నుంచి 1889 వరకు కార్ల్స్‌రూహెలో ఆచార్యుడిగా ఉన్న హైన్‌రిష్ హెర్ట్జ్, ఒకచోట విద్యుత్తుతో రవ్వ పుట్టించి, దూరంగా ఉన్న తీగ కొసల మధ్య మరో చిన్న రవ్వను రప్పించాడు. ఆ ప్రయోగం ఎవరైనా మళ్ళీ చేసి చూసుకోవచ్చు. దేవుడి విషయంలో అలాంటి ప్రయోగం లేదు. తెలివైన పిల్లలు ఈ తేడా ఇట్టే పట్టేస్తారు.

మరి ఏం చెప్పాలి? స్కాట్లండు తత్త్వవేత్త థామస్ రీడ్ (1710–1796) ఇంగితజ్ఞానాన్నే తత్త్వానికి పునాది చేశాడు. ఎదుట ప్రపంచం ఉందనీ, ఎదుటివారికీ మనసుందనీ నమ్మడానికి మనమెవరం రుజువు అడగం. రుజువులన్నీ అలాంటి నమ్మకాల మీదే నిలబడతాయి అన్నాడు. పనితనం చూసి దాని వెనుక ఉన్న తెలివిని గ్రహించడమూ అటువంటిదేనని, దాని ఆధారంగా దైవాన్ని సమర్థించాడు.

మన నైయాయికులు అంతకు ఎంతో ముందే ఆ దారిలో నడిచారు. కుండ ఉంటే కుమ్మరి ఉండాలి కదా, జగత్తుకూ కర్త ఉండాలన్నారు. ఉదయనాచార్యుల 'న్యాయకుసుమాంజలి' ఈశ్వర సిద్ధి కోసమే పుట్టింది. అయితే వేదాన్ని ప్రమాణంగా నమ్మిన కుమారిల భట్టే సృష్టికర్త వాదాన్ని ఖండించాడు! అంటే మన సంప్రదాయంలో ప్రశ్న అపచారం కాదు.

1995 సెప్టెంబరు 21న విగ్రహాలు పాలు తాగుతున్నాయని దేశవిదేశాల్లో గుళ్ళ ముందు బారులు తీరారు. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపించారు: తలతన్యత వల్ల చెంచాలోని పాలు పలుచని పొరగా విగ్రహం మీదుగా కిందికి జారుతున్నాయి. ఆ రోజు ఓడింది మహిమ అన్న మాటే గాని, గణపతి మీద భక్తి కాదు.

కంటికి కనిపించే విషయమైతే పరీక్షకు నిలబడాలి. భక్తి మాత్రం కొలిచి చూపించేది కాదు. కష్టంలో ధైర్యంగా, సుఖంలో వినయంగా, సాటివారి పట్ల దయగా బతుకులో కనిపించాలి. అలా బతకడమే దేవుడున్నాడనడానికి రుజువు కాదు, నిజమే. కాని నమ్మకం మనల్ని ఏం చేస్తోందో తెలుసుకోవడానికి అంతకంటే మంచి గీటురాయి లేదు.

కాబట్టి ఈ పండుగకు పిల్లలు అడిగితే తరంగాల పోలిక పక్కన పెట్టి, "రుజువు చూపలేను నాన్నా, నేను ఎందుకు నమ్ముతున్నానో చెబుతాను, కూర్చో" అందాం. చెప్పిన పోలిక రేపు బడిలో తేలిపోతే, దానితోపాటు మన మాట మీద గురీ పోతుంది. నిజాయితీగా చెప్పిన మాట నిలుస్తుంది.

అందరికీ పండుగ శుభాకాంక్షలు.