రూఫు చప్పుడు

“పైసలున్న దేశాలు ఎందుకు ఆగిపోతయి మామా?” అని అడిగింది నేనే. కొండగట్టు అంజన్న దర్శనమైపోయింది. బేతాళస్వామి గుడి దిక్కు నీడన పులిహోర పొట్లాలు విప్పుకొని కూర్చున్నాం. మా మేనమామ బెల్లంపల్లి గనుల్లో టింబర్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్తాను. ఆయనకు లేని తొందర నాకు ఉంటుంది.

“ఏ దేశం ఆగింది?”

“జపాన్ చూడు. 1989 డిసెంబర్‌ల వాళ్ల షేర్ల సూచీ ఎక్కిన ఎత్తు మళ్లా ఎక్కెటాళ్లకు 2024 ఫిబ్రవరి అయింది. జనం గూడ తగ్గుతున్నరు. పక్కన కొరియాల ఒక్కో ఆడమనిషికి సగటున ఒక్క బిడ్డ గూడ లేదు.”

“రైళ్లు నడుస్తున్నయా అక్కడ?”

“నడువక? 1964ల బుల్లెట్ రైలు మొదలైంది. అప్పటిసంది పట్టాలు తప్పి గాని, గుద్దుకొని గాని ఒక్క ప్యాసింజర్ సావలే.”

“మరి ఆగింది అను, ఒప్పుకుంట. చెడ్డది అంటే ఒప్పుకోను.” ఘాట్ రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. “2018 సెప్టెంబర్ 11న గీ గట్టు దిగుకుంట బస్సు లోయల వడ్డది. 60 మందికి ఎక్కువనే పోయిన్రు. సీట్లకు రెండింతల జనం ఉన్నరు అండ్ల. ఆ ఏడు మన రాష్ట్రం పెరుగుతుండెనా, ఆగి ఉండెనా?”

“పెరుగుతుండె. దేశం కంటె జోరుగ.”

“మరి?”

ఒక్క ప్రమాదాన్ని పట్టుకొని సమాజం మొత్తానికి తీర్పు చెప్పకూడదన్నాను. మామ కాదనలేదు. “ఒక్కటైతే చెప్పొద్దు. మేడిగడ్డ బరాజు జూస్తివా? 2019 జూన్‌ల షురూ జేసిన్రు, 2023 అక్టోబర్‌ల పిల్లర్లు కుంగినయ్. కట్టుడు వచ్చు మనకు. కట్టినంక కనిపెట్టుకొని ఉండుడే రాదు.”

ఆ మాట మీదే తన పని సంగతి ఎత్తాడు. అది మొదలైతే ఆయన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. ఆపాలని నాకూ ఉండదు.

“బొగ్గు తీసిన జాగల కప్పు ఉత్తగ నిలవడదు. అందరికంటె ముందు మేం పోవాలె. రాడ్‌తోని రూఫును కొట్టి చప్పుడు ఇనాలె. ఖంగుమంటే గట్టిగున్నట్టు. డొల్లగ మోగిందా, లోపల పొర ఇడిసినట్టే. అప్పుడు కింద దిమ్మె నిలవెట్టాలె, కాదంటే ఆ పొరను కూలగొట్టి పక్కకు జరగాలె. సర్వీసంత చేసినా ఒక్క టన్ను నా పేర రాలే. టన్నుల లెక్కల మేం లేం. మేం ఒక్క షిఫ్టు చూడకుంటే మాత్రం ఎవడూ లోపలికి పోడు.”

“1990ల మొదట్ల సింగరేణిల లక్షా 16 వేల మంది ఉండిరి,” అన్నాను. “ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. బొగ్గు మాత్రం 2023-24ల 7 కోట్ల టన్నులు. మా పుస్తకాలు దీన్ని ప్రగతి అంటయి.”

“ఓపెన్‌కాస్టుల కప్పే లేదాయె, టింబర్‌మన్ ఎందుకు? కాంట్రాక్టోళ్లను నువ్వు లెక్కల వట్టలే. బెల్లంపల్లి వచ్చి క్వార్టర్లు చూసిపో, ప్రగతి ఎట్లుంటదో.”

నా అసలు వాదం అప్పటిదాకా దాచుకున్నాను. డబ్బు చేతికి రాగానే మనిషి మొదట కొనుక్కునేది మినహాయింపు: ఎండ నుంచి, బురద నుంచి, ప్రాణభయం నుంచి. తనకు దొరక్కపోతే పిల్లలకైనా కొంటాడు. ప్లాటు, కోచింగు, పెండ్లి సంబంధం, అన్నీ అందుకే. అందరూ అదే కొనుక్కున్నాక రాడ్ పట్టుకొని కప్పు కిందికి పోయే మనిషి మిగలడు. ధనిక సమాజాల జబ్బు అక్కడే మొదలవుతుందని చెప్పాను.

మామకు కోపం వచ్చింది. “మీ అమ్మమ్మ బీడీలు చేసి చేసి కండ్లు పోగొట్టుకుంది. మీ తాత గడీల వెట్టి జేసిండు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల గంత మంది కూలోళ్లు ఎందుకు నడిసిన్రు? నువ్వు చెప్పే గా మినహాయింపు కోసమే. తరాల కొద్ది దొరలకు ఉన్నన్నాళ్లు అది జబ్బు కాలే, మాకు దొరకంగనే జబ్బయిందా?”

అంత దెబ్బకు ఇబ్న్ ఖల్దూన్‌ను అడ్డం పెట్టుకోక తప్పలేదు. ట్యునీషియాలో పుట్టిన ఆ చరిత్రకారుడు 1377లోనే ఈ సంగతి రాశాడు. వంశ వైభవాన్ని కట్టినవాడికి దాని ఖరీదు తెలుసు. కొడుకు దాన్ని తండ్రి దగ్గర చూసి నేర్చుకుంటాడు. మనుమడు అనుకరిస్తాడు. నాలుగో తరం, అదంతా తన పుట్టుకతోనే వచ్చిందనుకొని పోగొట్టుకుంటుంది.

“ఆయన రాజుల ఇండ్లు చూసి రాసిండు. మాది ఇంకా మొదటి తరమే,” అన్నాడు మామ. కాసేపటికి ఆయనే మళ్లీ అందుకున్నాడు. “అయినా ఒకటి చెప్త. 2016ల సింగరేణిల వారసత్వ ఉద్యోగాలు ఇస్తమంటే, నా దోస్తులందరు కాయితాలు వట్టుకొని తిరిగిన్రు. 2017ల హైకోర్టు కొట్టేసె. అప్పుడు ఒక్కడన్న, గని ఇంకెన్నేండ్లు నడుస్తదని అడుగలే. నా కొడుకుకు సీటు వస్తదా, రాదా, గంతే. అడుగనోళ్లల్ల నేను గూడ ఉన్న.”

ఆగిపోయిన సమాజం గురించి నేను చదివిన పుస్తకాలన్నిటికంటే ఆ మాట నాకు ఎక్కువ చెప్పింది. కొత్త సీట్లు పుట్టనప్పుడు ఉన్న సీటుకు కాపలా కాయడమే తెలివి అనిపించుకుంటుంది.

“బావ ఇప్పుడు ఏం జేస్తుండు?”

“దుబాయ్‌ల ఏసీలు బాగుజేస్తుండు. ఎండల, మిద్దెల మీద.”

“అంటే కప్పు కిందికి పోయేటోడు ఉన్నడు మామా. కప్పే మనది కాదు.”

“మరి మన కప్పు కింద?”

“2020 మే నెల యాదికున్నదా? లాక్‌డౌన్‌ల బీహారోళ్లందరు ఇంటిబాట వడితే, బీహార్‌కెళ్లి ఒక రైలు ఎదురు వచ్చింది. అండ్ల రైస్‌మిల్లు హమాలీలు. వడ్లు రాశులు వడ్డయి, ఎత్తేటోళ్లు లేరు. నాటుకు గూడ ఇప్పుడు వాళ్లే గదా.”

మామ చెయ్యి కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. “దుబాయోనికి మనం. మనకు బీహారోడు. బీహారోనికి ఎవరు?”

“ఇప్పటికైతే అక్కడ పిల్లలున్నరు. 2019-21 కుటుంబ సర్వేల ఒక్కో ఆడమనిషికి సగటున ముగ్గురు. మన దగ్గర 1.8.”

“ఆ ముగ్గురు గూడ కాలేజీకి పోతే?”

“పోతరు మామా. పోవాలె గూడ.”