నాకేం, బాగానే ఉన్నాను

అబద్ధం ఆడకూడదని పిల్లలకి చెప్పే మనం రోజుకి ఎన్ని ఆడతామో ఎప్పుడైనా లెక్కపెట్టుకున్నారా? నేను మొన్న జనవరిలో అండమాన్‌లో, సముద్రం అడుగున లెక్కపెట్టుకున్నాను. నవ్వకండి.

మావారూ, మా అమ్మాయీ పోరుపెట్టి హేవ్‌లాక్ ద్వీపానికి తీసికెళ్లారు. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. నలభై ఆరేళ్ల వయసులో, ఒంటికి అతుక్కుపోయే రబ్బరు దుస్తులు తొడుక్కుని, వీపున గాలి సిలిండరు మోస్తూ నీళ్లలోకి దిగాను. ఆ అవతారం గురించి ఇంక అడక్కండి.

నన్ను దింపిన కుర్రాడికి పాతికేళ్లుంటాయి. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వలస వచ్చాడట. తెలుగు వినగానే నాకు సగం భయం పోయింది. నీళ్లలో మాట ఉండదు కదా, సైగలు నేర్పాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ‘బాగున్నాను’. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ‘ఏదో తేడాగా ఉంది’. బొటనవేలు పైకెత్తితే ‘భేష్’ అని కాదు, ‘పైకి పోదాం’ అని.

నాలుగు మీటర్లు దిగామో లేదో ఎడమ చెవిలో సూదులు గుచ్చినట్టయింది. పది మీటర్ల లోతుకి వెళితే ఒంటిమీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే చెవులు సర్దుకోవాలి. నాకు సర్దుకోలేదు. బాగున్నారా అని కుర్రాడు సైగ చేశాడు. పక్కనే మా అమ్మాయి చేపల్ని చూసి మురిసిపోతోంది. నేను సున్నా చుట్టాను. అతను కదల్లేదు. అద్దంలోంచి నా కళ్లలోకి చూసి మళ్లీ అడిగాడు. మళ్లీ సున్నా! అతను నా చెవి చూపించి, చెయ్యి పట్టుకుని మీటరు పైకి తెచ్చాడు. నొప్పి తగ్గింది. తర్వాత నెమ్మదిగా దిగాం. పగడాలు చూశాను, పువ్వులాంటి జీవి ఒడిలో దాక్కున్న నారింజరంగు చేపని చూశాను. నా గోళ్ల ఎర్రరంగు మాత్రం నల్లబడిపోయింది. నీరు ముందుగా ఎరుపునే మింగేస్తుందట.

“ఎందుకలా చెప్పారమ్మా? చెవి పొర చిరిగిపోతే?” అన్నాడు పడవెక్కాక.

“మీ అందరి సరదా పాడుచెయ్యడం ఎందుకని...”

“మీ మాట నమ్మి ఇంకా కిందికి తీసుకుపోయేవాణ్ణి. అప్పుడు తప్పు నాదవుతుంది.”

ఆ మాట నన్ను పట్టుకుంది. మా అమ్మ కడుపునొప్పిని ఏడాదిపాటు “నాకేం, బాగానే ఉన్నాను” అనే మాట కింద దాచింది. డాక్టరు దగ్గరికి తీసికెళ్లేసరికి ఆలస్యమైపోయింది. పోయాక అందరం ఆవిడ ఓర్పుని పొగిడాం. నేనైతే అలాంటి తల్లిని ఒక నవలలో పెట్టి మెప్పు కూడా సంపాదించాను. కానీ పదకొండేళ్లుగా అమ్మ మీద నాకు కోపం ఉంది. ఎవరితోనూ అనలేదు. నమ్మిన పాపం మా నెత్తిన పెట్టి వెళ్లిపోయింది.

అలాగని తలనొప్పి వచ్చినప్పుడల్లా చాటింపు వెయ్యమనను. పొరుగింటావిడ మర్యాదకి పలకరిస్తే మన మోకాళ్ల పురాణం విప్పితే, మర్నాటి నుంచి ఆవిడ మన గుమ్మం తొక్కదు. కానీ మన మాట నమ్ముకుని ఎదుటివాళ్లు ఒక అడుగు వేస్తారన్నప్పుడు ఆ అబద్ధం త్యాగమా, మోసమా?

తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాక ఇంకోటి తోచింది. ఆ కుర్రాడు నా జవాబు నమ్మలేదు, రెండోసారి అడిగాడు. నేను ఫోన్లో “ఎలా ఉన్నావమ్మా” అనేదాన్ని, ఆవిడ నోరు తెరిచేలోగా పిల్లల పరీక్షల సంగతి ఎత్తేదాన్ని. అమ్మ అబద్ధం చెప్పిందో, నాకు కావలసిన జవాబే చెప్పిందో!

ఆ రాత్రి అలవాటుగా మా అత్తగారికి ఫోన్ చేశాను.

“నాకేమే అమ్మాయ్, బాగానే ఉన్నాను. సముద్రం చూశారా?”

“చూశాం అత్తయ్యా. నిజంగా బాగానే ఉన్నారా?”

అవతల కాసేపు చప్పుడు లేదు.

“నాలుగు రోజుల్నించి రాత్రిళ్లు ఆయాసంగా ఉంటోందే... వాడితో చెప్పకు.”

నేను ఫోన్ మావారి చేతికిచ్చాను.