బంతి వస్తోందా, వెళ్తోందా?

కొత్తగా కెమెరా కొని క్రికెట్ మ్యాచ్‌కో కబడ్డీ పోటీలకో వెళ్ళే ఎవరిని అడిగినా కోరిక ఒకటే: ‘ఆ క్షణాన్ని పట్టుకోవాలి.’ బంతి బ్యాటుకు తగిలిన క్షణం, రైడర్ వేలు డిఫెండర్ భుజాన్ని తాకిన క్షణం. ఈ కోరిక అడుగున, కోరుకునేవాళ్ళకు కూడా తెలియని ఒక సిద్ధాంతం ఉంది. కాలమంటే విడివిడి క్షణాల వరుస అనీ, ప్రతి క్షణం దేనికది సంపూర్ణమనీ, కెమెరా వాటిలోంచి ఒకదాన్ని ఏరి చేతిలో పెడుతుందనీ. ఈ సిద్ధాంతం నిలవదన్నదే నా వాదన. సుమారు 1800 ఏళ్ళ కిందట ఆచార్య నాగార్జునుడు దీన్ని గట్టిగానే నిలదీశాడు. కృష్ణా తీరంలోని నాగార్జునకొండతో మనవాళ్ళు ముడిపెట్టుకునే పేరు ఆయనదే. ఆయన ‘మూలమధ్యమక కారిక’లో రెండో ప్రకరణం మొత్తం నడక గురించే. నడిచేసిన దారిలో ఇప్పుడు నడక లేదు, ఇంకా నడవని దారిలోనూ లేదు. ఈ రెండూ తీసేస్తే ‘నడుస్తున్న దారి’ అంటూ విడిగా మిగిలేది ఏదని ఆయన ప్రశ్న. పండితుల మాటకారితనంలా కనిపించే ఈ ప్రశ్నకు బౌండరీ తాడు పక్కన కూర్చున్న ఫొటోగ్రాఫర్ దగ్గర కావలసినన్ని రుజువులున్నాయి.

గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. ఆటల ఫొటోలకు కొత్తవాళ్ళకు మొదట చెప్పే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు. ఆ వెయ్యో వంతులోనే బంతి 4 సెంటీమీటర్ల దాకా జరిగిపోతుంది. తన వ్యాసంలో సగం కంటే ఎక్కువే. అంటే మనం క్షణం అనుకుంటున్న దానికీ ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. పైగా మామూలు కెమెరాలో ఆ వేగానికి ఫ్రేమంతా ఒకేసారి తెరుచుకోదు. రెండు తెరల మధ్య సన్నని సందు ఒక అంచు నుంచి రెండో అంచుకు పరిగెడుతుంది, దానికి సెకనులో సుమారు 250వ వంతు పడుతుంది. కాబట్టి ఫొటోలో బ్యాటరు హెల్మెట్ ఒక వేళది, బూట్లు ఇంకో వేళవి. ఇక మనిషి సంగతి. కళ్ళు చూసి వేలు నొక్కేసరికి సెకనులో ఐదో వంతు గడుస్తుంది, ఆలోపు బంతి ఏడెనిమిది మీటర్లు దాటిపోతుంది. తగలడం చూసి నొక్కినవాడికి దక్కేది ఉత్త బ్యాటే. అంటే సమయానికి నొక్కిన మంచి ఫొటో ఏదైనా, జరిగిపోయినవాటి జ్ఞాపకంతో, ఇంకా జరగనిదాని మీద అంచనాతో తీసిందే. బౌలర్ మణికట్టు, బ్యాటరు ముందడుగు, ఫీల్డర్లు నిలబడ్డ తీరు, ఇవన్నీ తెలిసినవాడి వేలే సమయానికి కదులుతుంది.

మరి ఫొటో ఫినిష్ మాటేమిటని అడగొచ్చు. 2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫైనల్‌ను నోవా లైల్స్ 9.784 సెకన్లలో, కిషేన్ థాంప్సన్ 9.789 సెకన్లలో ముగించారు. క్షణమనేది విడిగా లేకపోతే ఆ బంగారు పతకం దేన్నిబట్టి ఇచ్చినట్టు? ఆక్షేపణ బలమైనదే. కానీ ఆ కెమెరా పనిచేసే తీరు చూడండి. అది ముగింపు గీతను మాత్రమే సన్నని నిలువు పీలికగా సెకనుకు వేలసార్లు తీసి, ఆ పీలికలను పక్కపక్కనే పేరుస్తుంది. ఆ బొమ్మలో ఎడమ నుంచి కుడికి ఉన్నది మైదానం కాదు, కాలం. అందులో కనిపించే ఎనిమిది మందీ ట్రాక్ మీద ఏ ఒక్క క్షణంలోనూ అలా లేరు. గీత మీద ఆనిన పాదం సాగదీసినట్టు పొడుగ్గా పడేది కూడా అందుకే. అదీగాక, ఆ పరుగులో థాంప్సన్ పాదమే ముందు దాటింది. నియమం ప్రకారం లెక్కలోకి వచ్చేది మొండెం. అంటే ప్రపంచమంతా నమ్మే ‘గెలిచిన క్షణం’ కూడా ఒక గీత, ఒక నియమం, ఒక యంత్రం కలిస్తేనే ఏర్పడింది. అది అబద్ధమని నేననడం లేదు, తనంతట తాను లేదంటున్నాను. నాగార్జునుడు శూన్యత అన్నది కూడా దీన్నే. లేకపోవడాన్ని కాదు, వేరేవాటి ఆసరాతో ఉండడాన్ని.

యంత్రం ఇంకా మెరుగైతే? అదీ అయింది. 2023లో సోనీ ప్రకటించిన ఏ9 మూడో తరం కెమెరా ఫ్రేమంతా ఒక్కసారే చదువుతుంది, షట్టర్ సెకనులో 80,000వ వంతు దాకా వెళ్తుంది. ఆ వేగానికి బంతి జరిగేది అర మిల్లీమీటరే. దాని కుట్లు లెక్కపెట్టుకోవచ్చు. కానీ గాలిలో వేలాడుతున్న ఆ బంతి వస్తోందా, వెళ్తోందా? బంతిలో ఆ జవాబు లేదు. బ్యాటరు చూపులో, కీపరు చేతుల్లో, అన్నిటికంటే ఎక్కువగా చూసేవాడికి ఆట తెలిసి ఉండడంలో ఉంది. ఈ తగవు కొత్తదేం కాదు. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రాన్ని తీసి, నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడిచేది అవి పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడేనని, చిత్రకారులు గీసినట్టు చాచినప్పుడు కాదని తేల్చాడు. కాలం ఆగదు గనక అబద్ధమాడేది ఫొటోయేనని శిల్పి రోదాన్ తర్వాత వాదించాడు. కాళ్ళ విషయంలో రోదాన్‌ది తప్పే. అయితే మైబ్రిడ్జ్‌కు కూడా వరుసగా 12 కెమెరాలు కావలసివచ్చాయి. పరుగు ఏ ఒక్క పలకలోనూ లేదు.

కాలాన్ని విడివిడి క్షణాలుగా చూసే క్షణికవాదులు బౌద్ధంలోనే ఉన్నారు. సెకనుకు 20 ఫ్రేములు పెట్టుకుని వేలు ఎత్తకుండా నొక్కే కొత్త ఫొటోగ్రాఫర్ వాళ్ళ పరమ శిష్యుడు. పాపం, లెక్క ఆయన పక్షాన లేదు. వెయ్యో వంతు చొప్పున 20 ఫ్రేములంటే సెకనులో నూటికి రెండు వంతులే నమోదైనట్టు. మిగతా 98 వంతులూ సందుల్లోనే పోయాయి. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య బంతి దాదాపు రెండు మీటర్లు పోతుంది. ఫొటో తీయడానికి కారికలు చదవాలా అంటే అక్కర్లేదు. చేయి తిరిగినవాళ్ళు ఏ శాస్త్రమూ చదవకుండానే ఇలా పనిచేస్తున్నారు. కానీ క్షణం ఎక్కడో తయారుగా కూర్చుని ఉందన్న నమ్మకం మనిషిని ఆట వైపు కాక కెమెరా దుకాణం వైపు నడిపిస్తుంది, ఆ దారిలో ఖర్చుకు అంతుండదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇంకో కెమెరాకు డబ్బు కూడబెట్టే ముందు ఒక మ్యాచ్ ఊరికే కూర్చుని చూడండి. బౌన్సర్‌కు ఏ బ్యాటరు వెనక్కి వాలుతున్నాడో, రైడర్ ఏ భుజం వంచాక కాలు విసురుతున్నాడో కనిపెట్టండి. కెమెరా ఆ తర్వాతే సంచిలోంచి తీయండి.