సేవ శిక్ష కాగలదా?

భద్రాద్రి రామచంద్రుని దర్శింప ఖమ్మము, కొత్తగూడెముల మీదుగా వచ్చు యాత్రికులు ముందుగా సారపాక చేరుదురు. ఎదుట గోదావరి; ఆవలి గట్టున స్వామివారి దివ్యక్షేత్రము. 1965వ సంవత్సరమున వంతెన ఏర్పడువఱకు ఇచ్చట నది దాటుటకు పడవలే ఆధారము. నేడు ఆ వంతెనపై సాగు రామభక్తునకు సముద్రముపై వెలసిన సేతువు తలపునకు రాకమానదు. సేతువుతోపాటు దానిని కట్టిన నలుడును తలపునకు వచ్చును.

నలుడు విశ్వకర్మ పుత్రుడనియు, తండ్రి యిచ్చిన వరముచేత సేతునిర్మాణ సమర్థుడయ్యెననియు వాల్మీకి రామాయణము చెప్పుచున్నది. జనశ్రుతిలో మఱియొక కథ కలదు. నలుడు బాల్యమున మిక్కిలి అల్లరివాడట. ఆశ్రమములలో చొరబడి మునుల పూజాద్రవ్యములను నీటిలో విసరివైచెడివాడట. మునులు ఆగ్రహింపదగిన సందర్భమే. కాని వారు బాలుడని తలచి, వాడు విసరిన వస్తువు నీట మునుగకుండునట్లు అనుగ్రహించిరట. పిదప శ్రీరామకార్యమున ఆ చేతులే రాళ్లను నీటిపై నిలిపినవి. తప్పుచేసిన చేతులను కట్టివేయక, లోకోపకారమైన పనికి త్రిప్పిన పెద్దల వివేకము ఈ కథలో కలదు.

నేటి శాసనములును ఇట్టి మార్గమును చూపుచున్నవి. పదునెనిమిదేండ్లు నిండకముందు అపరాధము చేసినవారిని విచారించు బాల న్యాయ మండలికి 2015 నాటి బాల న్యాయ చట్టము అనేక అధికారముల నిచ్చినది. మండలి ఆ బాలుని మందలించి పంపవచ్చును. సద్వర్తన పూచీపై తల్లిదండ్రుల కప్పగింపవచ్చును. మూడేండ్లకు మించకుండ ప్రత్యేక గృహమున ఉంచవచ్చును. తగినవారి పర్యవేక్షణలో సామాజిక సేవ చేయింపవచ్చును. ఉద్యానముల పోషణ, వృద్ధుల సేవ, వైద్యశాలలలో సాయము, వికలాంగ బాలుర పరిచర్య మొదలగునవి ఇట్టి సేవలని 2016 నాటి నియమావళి వివరించినది. ఈ సేవ పదునాలుగేండ్లు దాటినవారికేయని కూడ అందే కలదు.

ఈ మాట వినినంతనే వైష్ణవ గృహస్థునకు ఒక సందేహము కలుగుట సహజము. వైష్ణవ సంప్రదాయమున సేవ యనగా కైంకర్యము. దాస్యము జీవుని స్వరూపము. అది లభించుట భాగ్యము. కోవెల ముంగిలి ఊడ్చుట, పూమాలలు కట్టుట, భాగవతుల పాదములు కడుగుట పుణ్యవశమున దొరకునవి. పూరీ రథయాత్రలో గజపతి మహారాజు బంగారు చీపురు చేతబట్టి జగన్నాథుని రథమును ఊడ్చును. అంతటి సేవను అపరాధికి శిక్షగా విధించినచో దాని గౌరవము తగ్గదా? బలవంతముగా చేయించిన పని వాని మనస్సును శుద్ధి చేయునా?

ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రమున ఆధారము కలదు. యాజ్ఞవల్క్యస్మృతి రాజదండమును వ్యవహారాధ్యాయమునందును, ప్రాయశ్చిత్తమును వేరొక అధ్యాయమునందును చెప్పినది. దండము రాజు విధించునది. ప్రాయశ్చిత్తము తప్పుచేసినవాడు తానై తలకెత్తుకొనునది. ప్రాయమనగా తపస్సు, చిత్తమనగా నిశ్చయము అని పెద్దలు ఆ పదమునకు అర్థము చెప్పుదురు. నిశ్చయము లేని తపస్సు ఒడలి శ్రమగానే మిగులును. న్యాయమండలి బాలుని చేతికి చీపురు ఈయగలదు, నిశ్చయమును ఈయజాలదు. కావున ఆజ్ఞచేత చేయు సేవ మొదట దండమే. అది ప్రాయశ్చిత్తముగా పరిణమించుటకు మూడు విషయములు కావలెను.

మొదటిది, నష్టపోయినవాని ఋణము తీరవలెను. అల్పమైన వస్తువులను దొంగిలించినవాడు వానిని తిరిగి యిచ్చి, సాంతపన కృచ్ఛ్రమాచరింపవలెనని మనుస్మృతి పదునొకండవ అధ్యాయము. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఇట్లే చెప్పుచున్నది. అయిదువేల రూపాయలకు లోబడిన సొత్తును దొంగిలించి తొలిసారి నేరస్థుడైనవాడు ఆ సొత్తునో దాని విలువనో తిరిగి యిచ్చిన పిమ్మటనే వానికి సామాజిక సేవ శిక్షయగును. ఇంగ్లండులో 1998 నాటి చట్టము బాలాపరాధులచేత నష్టపరిహారముగా పని చేయించు ఏర్పాటు చేసినది. కాని నష్టపోయినవాడు అంగీకరింపనిదే వాని కొఱకు ఆ పనిని చేయింపరాదని కట్టడి చేసినది. దెబ్బతిన్నవాని మనస్సును అడుగకుండ చేసిన పరిహారము వానికి రెండవ దెబ్బ యగును గదా!

భద్రాచల భక్తులకు ఇందులో క్రొత్త యేమియు లేదు. కంచర్ల గోపన్న ఆలయమునకు వెచ్చించినది రాజ్యమునకు చేరవలసిన సొమ్ము. ఆయన పన్నెండేండ్లు గోలకొండ చెఱలో నుండెననియు, పిదప రామలక్ష్మణులు ఆఱు లక్షల మొహరీలు తానీషాకు చెల్లించి, చెల్లుచీటి వ్రాయించుకొనిరనియు సంప్రదాయము. సర్వేశ్వరుడు తానీషా మనస్సును మార్చి, సొమ్ము లేకయే భక్తుని విడిపింపలేడా? అట్లు చేయలేదు. లెక్క ప్రకారము చెల్లించియే విడిపించెను. దైవకార్యమునకు వాడిన ధనమునకే లెక్క తప్పనప్పుడు, పొరుగువాని యింట తీసిన ధనమునకు లెక్క తప్పునా?

రెండవది, సేవ తప్పునకు తగిన తూకమున ఉండవలెను. మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ ప్రసిద్ధము. చేయని దొంగతనమునకు శూలారోహణము పొందిన ఆ మహర్షి, ఇది యే పాపఫలమని ధర్ముని అడిగెను. బాల్యమున పురుగులకు గడ్డిపోచలు గ్రుచ్చిన ఫలమని ధర్ముడు చెప్పెను. ఎఱుగని ప్రాయపు అల్పదోషమునకు ఇంత దండమా యని మాండవ్యుడు ధర్మునే శపించెను; ఆ శాపముచేతనే విదురుడు జన్మించెను. పదునాలుగేండ్ల వఱకు చేసిన తప్పునకు పాతకము లేదని మహర్షి ఆనాడు హద్దు నిలిపెను. ఆ సంఖ్యయే నేటి నియమావళియందును కనబడుట ఆలోచింపదగినది.

తూకము రెండవవైపునకును తప్పవచ్చును. 2024 మే 19న పూణె నగరమున ఒక కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీరులు మరణించిరి. దానిని నడిపినట్లు అభియోగము పొందిన పదునేడేండ్ల బాలునకు బెయిలు ఇచ్చుచు విధించిన షరతులలో మూడువందల పదముల వ్యాసమును, పదునైదు దినములు ట్రాఫిక్ పోలీసులతో పనియు ఉండెను. అది తుది తీర్పు కాదు. అయినను దేశమంతట ఆవేదన చెలరేగినది. ఆ ఉత్తరువు పిదప మార్పు చెందినది. రెండు ప్రాణముల ప్రక్కన ఒక వ్యాసమును నిలిపినచో, చనిపోయినవారి తల్లిదండ్రులకు అది సేవగా తోచదు. మితిమీరిన దండము బాలునకు అన్యాయము. మిక్కిలి తేలికయైన దండము బాధితునకు అన్యాయము.

మూడవది, ప్రాయశ్చిత్తము ముగిసినపిదప లోకము ఆ తప్పును మఱవవలెను. ఇట్టి బాలుని పేరును, ఆనవాలును ప్రకటింపరాదని 2015 నాటి చట్టము నిషేధించినది. కాని ఊరి నాలుకను చట్టము కట్టజాలదు. తప్పు తీర్చుకొన్నవానిని జీవితాంతము దొంగయనియే పిలిచినచో, వానికి దొంగతనము తప్ప వేరొక వృత్తిని మిగిల్చినవారు ఎవరు?

2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71.3 అడుగులకు పెరిగి, మూడవ ప్రమాద హెచ్చరికయైన 53 అడుగులను మించి ప్రవహించినది. వంతెనపై రాకపోకలు నిలిచినవి. అట్టి వరద తీసినపిదప ఇండ్లలోని బురదను ఎత్తువారిని, నీవెవరవని ఎవ్వరును అడుగరు. అందఱును వంగి చేయు పనిలో అవమానమునకు చోటు లేదు. బాలుని సేవకు పంపువారు ఈ సంగతి గమనింపవలెను. పెద్దలు గట్టున నిలిచి వానిచేత మాత్రము చేయించినచో అది చాకిరి. పెద్దలును ప్రక్కన నిలిచి చేసినచో అది కైంకర్యమగును. సేవకు గౌరవము తగ్గునా యన్న సందేహమునకు ఇదియే సమాధానము. శిక్షగా విధించినందున సేవ హీనము కాదు. చూచువారు హీనముగా చూచినప్పుడే అది హీనమగును.

శ్రీరామనవమి యెండలలో సారపాక దారిని వచ్చు యాత్రికునకు చలివేంద్రమున ఒక బాలుడు నీరందింపవచ్చును. వాడు భక్తితో వచ్చెనో, ఆజ్ఞపై వచ్చెనో యాత్రికునకు తెలియదు. తెలిసికొనవలసిన పనియు లేదు. ఆ నీటిని ఆదరముతో త్రాగి, వానిని దీవించి, వంతెన దాటవలెను.