రాజు అశ్వమేధం, సోదరి మహాచైత్యం

సందేహం: మా ఇంట్లో నిత్యపూజ, ఏటా సత్యనారాయణ వ్రతం తాతల నాటి నుంచి వస్తున్నాయి. ఈమధ్య మా కోడలు విపశ్యన ధ్యానం నేర్చుకుంది. పూజగదిలో బుద్ధుడి ప్రతిమ పెట్టింది. వ్రతంలోనూ అందరితో కూర్చుంటుంది. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోని మతం ఇంట్లోకి రావడం దోషమని బంధువులు భయపెడుతున్నారు. పూర్వులు దీన్ని ఎలా చూశారు?

సమాధానం: పూర్వుల మాట అడిగారు కనుక కృష్ణాతీరంలోని విజయపురి సంగతి చెబుతాను. నేటి నాగార్జునకొండ అదే. క్రీ.శ. 3వ శతాబ్దంలో అక్కడ ఇక్ష్వాకు రాజ్యాన్ని స్థాపించిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసిన వైదికుడు, కార్తికేయ భక్తుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ అదే ఊళ్లో బుద్ధుడికి మహాచైత్యం నిలబెట్టింది. మేనల్లుడు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో అది పూర్తయింది.

ఆమె వేయించిన ప్రాకృత శాసనాలు బుద్ధుడికి నమస్కరించి, ఆ పైన సోదరుడి యజ్ఞాలనూ, ఆయన దానమిచ్చిన గోవులనూ నాగళ్లనూ గొప్పగా చెబుతాయి. శాంతిశ్రీ శ్రమణులకూ బ్రాహ్మణులకూ దీనులకూ ఎడతెగక దానం చేసేదంటాయి. ఆ పుణ్యాన్ని పుట్టింట, మెట్టినింట పోయినవారికీ ఉన్నవారికీ పుట్టబోయేవారికీ ధారపోసింది. స్తూపం కట్టించినందుకు పుట్టింటి యజ్ఞాన్ని దాచుకోవాలని ఆ తల్లికి తోచనే లేదు. ఈ శాసనం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక బౌద్ధ నియమాల సంగతికొస్తే, ఇల్లు విడిచిన భిక్షువుకు వినయ నియమాలు వేరు. ఇంట ఉండే ఉపాసికకు త్రిశరణాలు, పంచశీలాలు, దానం. కులదైవాన్ని వదలమన్న మాట ఆ అయిదు శీలాల్లో లేదు.

అలాగని రెండు దర్శనాలూ ఒకటేనని నేను అనను. శాశ్వతమైన ఆత్మ ఉందా అన్న ప్రశ్న మీద వైదిక పక్షాన నైయాయికులూ, ఇటు బౌద్ధులూ శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆ తేడాను చెరిపేయడం ఇద్దరికీ అన్యాయమే. యజ్ఞంలో పశువధను బుద్ధుడు ఒప్పుకోలేదు. కూటదంత సుత్తంలో ఏ ప్రాణినీ చంపకుండా నెయ్యి, నూనె, వెన్న, పెరుగు, తేనె, బెల్లంతో జరిగిన పూర్వపు యజ్ఞాన్ని వర్ణించి, దానికన్నా దానం, శరణం, శీలం మిన్న అన్నాడు.

మీ ఇంటి వ్రతంలో పశువధ లేదు, మీ కోడలి ధ్యానంలో వ్రతానికి అడ్డం లేదు. ఇందులో దోషం ఏమీ లేదు. బంధువులకు ధైర్యంగా ఆ మాటే చెప్పండి. ఆ అమ్మాయి ధ్యానానికి కూర్చున్న వేళ టీవీ కట్టేయండి.