మూడో వరుస నీది

కన్నా,

నువ్వు ఫోన్‌లో పంపిన పాట తీరిగ్గా కూర్చుని విన్నాను. దాని కింద రాసిన ప్రశ్నలూ చదివాను. సంగీతం పద్ధతిగా నేర్చుకోనివాణ్ణి, సొంతంగా పాట కట్టొచ్చా అన్నావు. అసలు కట్టేవాళ్ళు మొదట ఏం తోచి మొదలుపెడతారు అని కూడా అడిగావు. రెండోదానికి జవాబు చెప్పుకుంటే మొదటిదానికి నీకే దొరుకుతుంది.

నాకు తెలిసినంతలో, ఉన్న పాటలు సరిపోనప్పుడే మనిషి కొత్త పాట కడతాడు. పాటంటే ప్రాణం ఉండాలి, విన్నవన్నీ నోటికి వచ్చి ఉండాలి, అయినా తను ఆ రోజు చెప్పుకోవాల్సిన మాట వాటిలో ఎక్కడా కనపడకూడదు. అప్పుడు ఇక కట్టక తప్పదు.

భద్రాచలం రామదాసునే చూడు. పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు పైకం పెట్టి గుడి కట్టించినందుకు తానీషా గోలకొండ ఖైదులో వేయించాడు. అలాంటివాడి కష్టానికి తగిన పాట అంతకుముందు ఎవరు కట్టి ఉంటారు? అందుకే తనే కట్టుకున్నాడు. సీతమ్మకి ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి ఏది చేయించాడో, దేనికెన్ని మొహరీలు పట్టాయో జమాబందీ చెప్పినట్టు దేవుడికి లెక్క అప్పజెప్పాడు. ఓపిక నశించి దేవుణ్ణి నాలుగు మాటలన్నాడు. అన్నందుకు మళ్ళీ తనే నొచ్చుకుని, దెబ్బలకి తాళలేక తిట్టానని క్షమించమన్నాడు. భక్తి కీర్తనలో తహసీలు లెక్కలు రాయకూడదన్న శంక ఆయనకి రాలేదు. తర్వాతి శతాబ్దంలో, 1767లో పుట్టిన త్యాగరాజస్వామి తన కీర్తనలో ఆ రామదాసు పేరే తలుచుకుని, ఆయన చెర విడిపించిన సంగతి రాముడికి గుర్తుచేశాడు. ఒకరి పాట ఇంకొకరి చేత పాట కట్టించడమంటే ఇదే.

అంతటి మహానుభావుల సంగతి మనకెందుకు అంటావేమో. అయితే మా మేనత్త సంగతి విను. ఆవిడకి అక్షరం ముక్క రాదు. మా వైపు పెళ్ళంటే ముందు పసుపు కొట్టాలి. రోలు చుట్టూ ముత్తైదువలు చేరి, ఎదురెదురుగా నిలబడి ఇద్దరు రోకళ్ళు వేస్తుంటే మిగతావాళ్ళు పాడతారు. ఒక ఏడు పెళ్ళికూతురు రాజమండ్రి నుంచి ఖరగ్‌పూర్ వెళ్ళాలి, పిల్లవాడు అక్కడ రైల్వేలో పని. అలవాటైన పాటలో అత్తవారి ఊరు ఏటి అవతల ఉంటుంది. ఓడలో సాగనంపుతారు. మా మేనత్త ఒకటి రెండు చరణాలు అలాగే పాడి, ఉన్నట్టుండి ఓడ తీసేసి రైలు పెట్టింది. రోకటి పోటుకొక స్టేషను: సామర్లకోట, తుని, అనకాపల్లి, వాల్తేరు, విజయనగరం. వరుస పాతదే, పోటు పాతదే. విజయనగరం దగ్గర మాట పొడుగై పోటుకి ఇమడకపోతే, అక్కడ రాగం సాగదీసి రోకలి పైకెత్తేదాకా పట్టుకుంది. నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది ఆ సాగదీత. బరంపురం వచ్చేసరికి పెళ్ళికూతురి తల్లి రోకలి వదిలేసి కూలబడి ఏడ్చింది. మా మేనత్త తను పాట కట్టాననే అనుకోలేదు. ఆ పిల్ల వెళ్ళేది ఖరగ్‌పూర్‌కి, అందుకని ఖరగ్‌పూర్ దాకా పాడింది, అంతే.

ఇలాంటి ఆడవాళ్ళ పాటలనే అన్నమయ్య నెత్తిన పెట్టుకున్నాడు. దంపేటప్పటి సువ్వి, లాలి, జోల, గొబ్బి, జాజర అన్నీ ఆయన సంకీర్తనల్లోకి వచ్చాయి. 32 వేలు కట్టాడంటారు. రాగిరేకుల మీద సాహిత్యం మిగిలింది, రాగం పేరూ మిగిలింది. స్వరాలు మాత్రం దక్కలేదు. ఈ రోజు మనం పాడుకునే వరుసలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు వంటివాళ్ళు మళ్ళీ కట్టినవి. అందుకని నీకో పని చెబుతున్నాను. నోట్లో మెదిలిన వరుసని అప్పటికప్పుడు రికార్డు చెయ్యి, స్వరం కాగితం మీద పెట్టు. పొద్దున గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు.

ఇక నీ పాట. పల్లవిలో మొదటి రెండు వరుసలూ ఏ సినిమా పాటలోంచి వచ్చాయో విన్న మరుక్షణమే తెలిసింది, నీకూ తెలిసే ఉంటుంది. అందుకు సిగ్గుపడకు. చెవిలో నానినదే ముందు నోటికి వస్తుంది. కానీ మూడో వరుసలో పంచమం దాకా ఎక్కి, అక్కడ నిలబడతావనుకుంటే నిలబడకుండా గాంధారానికి జారావు. ఆ జారడం నేనెక్కడా వినలేదు. అది నీది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళి, ఆ జారుడుకి దారితీసేలా మొదటి రెండు వరుసలూ మార్చి కట్టు. మార్చడం చేతకాకపోతే అలాగే ఉంచి, వరుస ఫలానా పాటది అని నోరారా చెప్పు. తీసుకోవడంలో తప్పులేదు, దాచడమే తప్పు. త్యాగయ్య అంతటివాడు రామదాసు పేరు చెప్పుకున్నాడు, మనకేం తక్కువవుతుంది?

నేర్చుకుంటే సొంతదనం పోతుందని ఎవరో అన్నారని రాశావు. ఆ మాట నమ్మకు. బాలమురళీకృష్ణగారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చిన్ననాడే కూర్చున్నారు. 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టారు, అదీ కుర్రతనంలో. ఆ తర్వాతే మహతి లాంటి కొత్త రాగాలు పుట్టించారు. మహతిలో ఉన్నవి స, గ, ప, ని, నాలుగంటే నాలుగే స్వరాలు. రిషభం లేకపోతే ఏమవుతుందో, మధ్యమం లేకపోతే ఏమవుతుందో ఎరిగినవాడు తీసేశాడు కాబట్టి ఆ నాలుగూ నిలబడ్డాయి. నువ్వు కూడా ముందు సరళీ వరుసలు శ్రుతిలో నిలిచేలా పాడు, చేత్తో తాళం వెయ్యి. రోజూ కాసేపు చాలు, మానకపోతే చాలు. ఈలోగా పాట కట్టడం ఆపకు. రెండూ జోడుగా నడవాలి.

నాలుగు ముక్కలు టైపు చేస్తే పాట తయారుచేసి ఇచ్చే యాప్ ఉందని మీ అక్క చూపించింది. బాగానే ఉంది, వాద్యాలు కూడా పలికాయి. నువ్వు మాత్రం నీ మొదటి పాటని దాని చేతికివ్వకు నాన్నా. మాట ఇమడక నీ గొంతు ఎక్కడ ఇబ్బంది పడుతుందో అక్కడే నీ వరుస పుడుతుంది. ఆ ఇబ్బందిని నువ్వే పడాలి.

ఇంకొక్క మాట. స్వతంత్రం వచ్చిన దేశానికి, 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో వినిపించడానికి ఒక తెలుగు పాట కావలసి వచ్చింది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు మాటా వరుసా తనే కట్టారు, టంగుటూరి సూర్యకుమారిగారు పాడారు. అంతకుముందు ఆ పాట లేదు, ఉండడానికి వీల్లేదు. అది ఎవరి కోసమో కట్టినాయనకి తెలుసు. నీ పాట విన్నప్పుడు నాకు తెలియనిది అదొక్కటే. ఇది ఎవరికి పాడుతున్నావు? మాటలన్నీ వెన్నెలా, కన్నీరూ, దూరం. మనిషి జాడ లేదు. చెప్పడం ఇష్టం లేకపోతే నాకు చెప్పకు, కానీ నీకు తెలియాలి. తెలిస్తే చరణంలో వెన్నెల బదులు వాళ్ళ వీధి పేరు వస్తుంది, వాళ్ళు ఎక్కే బస్సు నంబరు వస్తుంది.

చరణం సగంలో వదిలేసి కొత్తది మొదలుపెట్టకు. నచ్చకపోయినా చివరిదాకా కట్టి పంపు. ఏ శ్రుతిలో పాడావో రాయి, తంబూరా దానికి సరిచేసుకుని ఇక్కడ నేనూ పాడి చూస్తాను.

అమ్మమ్మ